మతం గడిలో చిక్కిన చదువు

జూన్‌లో బడి తెరిచిన రోజున ప్రధానోపాధ్యాయుడు ప్రవేశాల రిజిస్టరు తెరుస్తాడు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాశాక మతం, కులం అనే రెండు గడులు మిగులుతాయి. మాలపల్లె నుంచో మాదిగవాడ నుంచో వచ్చిన తండ్రి మొదటి గడి దగ్గర ఒక్క క్షణం తటపటాయిస్తాడు. ఇంట్లో బైబిలు ఉంది. ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చికి వెళతారు. అయినా ‘హిందూ’ అని రాయిస్తాడు. ‘క్రైస్తవుడు’ అని రాయిస్తే రేపు కొడుక్కి ఎస్సీ ధ్రువపత్రం దక్కదని, దానితోపాటే ఇంజనీరింగ్ సీటూ, ఉద్యోగమూ చేజారవచ్చని అతనికి తెలుసు. లౌకిక రాజ్యపు బడిలో ఆ పిల్లవాడికి అక్షరాలకన్నా ముందే ఇంటి విశ్వాసాన్ని దాచుకోవడం నేర్పుతున్నాం.

విద్యారంగంలో మతం, లౌకికవాదం అనగానే మన చర్చలన్నీ ప్రార్థనా గీతాలు, పాఠ్యపుస్తకాలలోని పురాణ కథలు, హిజాబ్ చుట్టూ తిరుగుతాయి. అవి చర్చించవలసినవే. కానీ ఆ చర్చలలో మతాలు మాత్రమే ఎదురెదురుగా నిలబడతాయి. మతాల లోపలా, మతాల మధ్యా నిచ్చెనలా నిలిచి ఉన్న కులం ఎవరి కంటా పడదు. ఈ దేశంలో బడి తలుపు తెరిచిందీ మూసిందీ ప్రధానంగా కులమే. కనుక కులాన్ని పక్కనబెట్టిన లౌకికవాద చర్చ సగం చర్చ మాత్రమే.

రాజ్యాంగంలోని 28వ అధికరణ, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలలో మతబోధన కూడదంటుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే ఇతర సంస్థలలో కూడా విద్యార్థి లేదా అతని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధనలో పాల్గొనేట్టు చేయరాదంటుంది. దాని అంతరార్థం సుస్పష్టం. చదువుకునే హక్కుకు విశ్వాసం షరతు కారాదు. అయితే మతం బోధించరాదన్న రాజ్యమే ప్రతి బిడ్డ మతాన్నీ అడిగి, రిజిస్టరులో రాసుకొని, దళిత బిడ్డ విషయంలో ఆ జవాబుకు ఒక వెల కడుతోంది. ఈ వైరుధ్యం నిన్నమొన్న పుట్టింది కాదు.

1854లో వుడ్స్ డిస్పాచ్ వలస ప్రభుత్వ పాఠశాలలకు మత తటస్థతను విధించింది. రెండేళ్లకే, 1856లో, అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీలోని ధార్వాడలో ఒక మహర్ బాలుడు ప్రభుత్వ పాఠశాలలో చేరడానికి దరఖాస్తు చేసుకున్నాడు. ప్రభుత్వం నిరాకరించింది. ఒక్క బాలుడి కోసం మిగతా వారందరికీ పాఠశాల పనికిరాకుండా పోతుందన్నది దాని వాదన. ఆ నిర్ణయంపై పైనుంచి విమర్శ వచ్చాకే, ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడులు అన్ని వర్గాలకూ తెరిచి ఉంటాయని ప్రకటించింది. ఆ ప్రకటన కాగితం మీదే మిగిలిపోవడాన్ని అంబేడ్కర్ 1928లో సైమన్ కమిషన్‌కు సమర్పించిన పత్రంలో ఎత్తిచూపారు. తటస్థత అంటే అగ్రకులాల మనసు నొప్పించకపోవడమే అన్న అర్థం ఆనాడే స్థిరపడింది.

ప్రభుత్వ బడి మూసిన తలుపును తెలుగు నేలపై మిషనరీ బడి తెరిచింది. గుంటూరులో లూథరన్లు, ఒంగోలులో బాప్టిస్టులు అంటరానివారి పిల్లలకు పలక చేతికిచ్చారు. 1876-78 కరువు తరువాత, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. కరువులో గంజి కోసం మతం మార్చుకున్నారన్న నింద ఈనాటికీ వినిపిస్తుంది. గంజితోపాటు వారు అక్షరాన్నీ, మనిషిగా పిలిపించుకునే గౌరవాన్నీ వెతుక్కున్నారన్న సంగతిని ఆ నింద మరుగుపరుస్తుంది. తలుపు మూసినవారిని వదిలి, తెరిచిన తలుపులోంచి నడిచినవారిని దోషులుగా నిలబెట్టడం ఏ న్యాయం?

స్వతంత్ర భారతం ఆ నడకకు శిక్ష విధించింది. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే మిగిలారు. షెడ్యూల్డ్ తెగలకు ఇలాంటి మతపరమైన ఆంక్ష లేదు. మతం మారినంత మాత్రాన లంబాడా విద్యార్థి ఎస్టీ జాబితా నుంచి తొలగిపోడు. మాల, మాదిగ విద్యార్థులకే ఈ పరీక్ష.

మన రాష్ట్రాలలో దీని ఫలితం విచిత్రంగా ఉంది. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలకు చట్టబద్ధం కాని రాయితీలను వర్తింపజేసింది. అంటే కొన్ని సంక్షేమ సదుపాయాలకు అతను దళితుడే. సీటు దగ్గరకు వచ్చేసరికి మాత్రం 15 శాతం ఎస్సీ కోటా నుంచి 1 శాతం బీసీ-సీ కోటాకు జారిపోతాడు. వెలివేత ఒకటే, పల్లె ఒకటే, రిజిస్టరులో మాత్రం అతను వేరొక మనిషి. పోనీ, ‘హిందూ’ అని రాయించుకుంటే భద్రత ఉందా? అదీ లేదు. 2024 నవంబరులో పుదుచ్చేరి ఉద్యోగార్థి కేసులో, క్రైస్తవాన్ని ఆచరిస్తూ కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు పేర్కొంది. నిజం చెబితే సీటు పోతుంది, దాచితే జీవితమంతా భయం వెంటాడుతుంది.

ఇందులో చర్చి బాధ్యత కూడా తక్కువ కాదు. 2005లో 93వ సవరణ ద్వారా వచ్చిన 15(5) అధికరణ, ప్రైవేటు విద్యాసంస్థలలో రిజర్వేషన్లకు వీలు కల్పిస్తూనే మైనారిటీ సంస్థలను మినహాయించింది. 2014లో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టం నుంచి కూడా వాటిని తప్పించింది. ఒకనాడు మాదిగ పిల్లల కోసం తెరిచిన బడుల వారసులు నేడు పట్టణాలలో భారీ ఫీజుల ఇంగ్లీషు మీడియం పాఠశాలలు నడుపుతున్నారు. రాజ్యం మతం పేరిట ఒక తలుపు మూస్తే, చర్చి యాజమాన్యం మైనారిటీ హక్కు పేరిట మరో తలుపు మూస్తోంది. రెండింటి మధ్యా దళిత క్రైస్తవ విద్యార్థి వీధిలో నిలబడ్డాడు.

దీనిపై రెండు అభ్యంతరాలు తరచూ వినబడతాయి. క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది మొదటిది. సిక్కు, బౌద్ధ సిద్ధాంతాలూ కులాన్ని ఒప్పుకోవు. వాటికి అడ్డురాని సిద్ధాంతం క్రైస్తవానికే ఎందుకు అడ్డు? సిద్ధాంతం ఏం చెప్పినా ఊరు మాత్రం బాప్తిస్మం తీసుకున్న మాదిగను మాదిగగానే చూస్తుంది. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారిన తరువాత కూడా అవే వైకల్యాలు అంతే తీవ్రతతో కొనసాగుతున్నాయని చూపించాలని అడిగింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను తొలగించాలనే సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది.

రెండో అభ్యంతరం ఎస్సీల లోపలి నుంచే వస్తుంది. దీన్ని కొట్టిపారేయలేం. ప్రభుత్వ ఉద్యోగాలు కుంచించుకుపోతున్న కాలంలో ఉన్న 15 శాతంలోకి కొత్తవారు వస్తే మా వాటా ఏమవుతుందన్న భయం సహజం. పరిష్కారం ఆకలిగొన్నవారిని ఒకరిపై ఒకరిని ఉసిగొల్పడంలో లేదు. పెరిగే జనాభాకు తగ్గట్టు కోటాను పెంచాలని అడగడంలో ఉంది. పైగా తెలుగు రాష్ట్రాలలో చాలామంది ఇప్పటికే ‘హిందూ’ గడిలో లెక్కకు వస్తున్నారు. వారికి దక్కవలసింది నిజం చెప్పుకునే స్వేచ్ఛ.

కనుక విద్యార్థి ఉద్యమాలు లౌకికవాదాన్ని ప్రార్థన గంటకే పరిమితం చేయకూడదు. మూడో పేరా రద్దునూ, దళిత విద్యార్థులకు మైనారిటీ సంస్థలలో వాటానూ తమ డిమాండ్లలో చేర్చాలి. బడి బిడ్డను నీ దేవుడెవరని కాదు, నీకు ఏ తలుపులు మూశారని అడగాలి. ఆ ప్రశ్న అడిగిన రోజున, రిజిస్టరు ముందు నిలబడిన తండ్రి తటపటాయించనవసరం లేకుండా తన బిడ్డ గురించి నిజమే రాయిస్తాడు.