ఆజ్ఞ – అంతరాత్మ

పెద్దల మాట వినడం సద్గుణమని లోకం చెబుతుంది. కాని ఆ మాటే అన్యాయమైనప్పుడు మనిషి ఏం చేస్తాడు? యూదుల సామూహిక సంహారంలో పాలుపంచుకున్న నాజీ అధికారి ఐక్‌మన్ 1961లో జెరూసలేం న్యాయస్థానంలో విచారణకు నిలిచి, తాను పై అధికారుల ఆజ్ఞలను పాటించానని వాదించాడు. అదే సంవత్సరం అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విధేయతపై ప్రయోగాలు ఆరంభించాడు.

జ్ఞాపకశక్తిని గూర్చిన పరిశోధన అని పత్రికలో ప్రకటించి సామాన్య పౌరులను రప్పించారు. వచ్చినవాడు ‘ఉపాధ్యాయుడు’. పక్క గదిలో కుర్చీకి కట్టివేసిన ‘అభ్యాసకుడు’ తప్పు చెప్పిన ప్రతిసారీ అతడు మీట నొక్కి విద్యుదాఘాతం కలిగించాలి. 15 వోల్టుల నుండి 450 వోల్టుల వరకు 30 మీటలు ఉన్నాయి. 300 వోల్టుల వద్ద గోడను బాదిన చప్పుడు వినిపించేది. కొంతసేపటికి అదీ ఆగిపోయేది. సంశయించినవారిని నిర్వాహకుడు కొనసాగించమనేవాడు. నిజానికి అభ్యాసకుడు నటుడు. అతనికి ఏ ఆఘాతమూ తగలలేదు. 1963లో ప్రకటించిన ఫలితం ప్రకారం 40 మందిలో 26 మంది చివరి మీట వరకు వెళ్ళారు.

వారిలో పలువురు చెమటలు పట్టి వణికిపోయారు. ఇట్టి మనోవేదన కలిగించే హక్కు శాస్త్రజ్ఞునికి ఉన్నదా అని 1964లో డయానా బౌమ్‌రిండ్ ప్రశ్నించింది. తరువాత నిజం చెప్పామని, పాల్గొన్నందుకు అధికులు సంతోషించారని మిల్‌గ్రామ్ సమాధానమిచ్చాడు. అయితే అనేకులకు పూర్తి నిజం వెంటనే తెలియజేయలేదని అనంతర కాలంలో భద్రపరచిన పత్రాలను పరిశీలించిన జీనా పెర్రీ వెల్లడించింది.

రెండవ ఆక్షేపణ పద్ధతికి సంబంధించినది. పేరుగల విశ్వవిద్యాలయం ఒక మనిషి ప్రాణానికి ముప్పు రానిస్తుందా? ఇది నటనేనని కొందరైనా ఊహించి ఉండవచ్చునని 1968లో ఆర్న్, హాలండ్ వాదించారు. అట్లయితే అక్కడ కొలిచినది విధేయత కాదు, సంస్థపై గల విశ్వాసం.

ఈ రెండు దోషాలకూ మూలం ఒక్కటే: అసత్యం. పాల్గొన్నవాడు దానిని నమ్మితే మనిషికి హాని. నమ్మకపోతే సత్యానికి హాని.

1974లో అమెరికా చేసిన చట్టం మానవులపై పరిశోధనలకు ముందస్తు సమీక్షను, సమ్మతిని అవసరం చేసింది. 2009లో ప్రకటించిన ప్రయోగంలో జెర్రీ బర్గర్ 150 వోల్టుల వద్దనే ఆపివేశాడు. ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చునని పాల్గొన్నవారికి ముందే పలుమార్లు తెలిపాడు.

మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని తలచినప్పుడు లోకం ఆ 26 మందినే చెప్పుకుంటుంది. మధ్యలోనే మీట విడిచిన 14 మంది కూడా స్మరణీయులే. శాస్త్రం పేరిట వచ్చిన ఆజ్ఞనైనా అంతరాత్మ ముందు నిలిపి ప్రశ్నించవచ్చునని వారు నిరూపించారు.