గంట ముందే దిగిన విమానం

ఉదయం పదిన్నరకు లండన్‌లో బయల్దేరిన కాంకర్డ్ విమానం న్యూయార్క్‌లో దిగేసరికి అక్కడ టైము దాదాపు తొమ్మిదిన్నర. రెండు నగరాల గడియారాలకూ ఐదు గంటల తేడా ఉంటే, ప్రయాణం నాలుగు గంటలైనా పట్టేది కాదు మరి.

లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ కెన్నడీ విమానాశ్రయానికి దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం బిగించి చూస్తే వచ్చే అడ్డదారి అది. ఆ దూరం ఎప్పుడూ మారలేదు, కాలమే మారుతూ వచ్చింది. 1958 అక్టోబరు 4న బ్రిటన్ విమాన సంస్థ బీఓఏసీ కామెట్ జెట్లు ఈ దారిలో మొదటిసారి ప్రయాణికులతో ఎగిరాయి. న్యూయార్క్ నుంచి లండన్‌కు ఆరు గంటల పైచిలుకు పట్టింది. లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానం మాత్రం ఎదురుగాలితో పోరాడి, ఇంధనం కోసం కెనడాలోని గాండర్‌లో ఆగి, పది గంటలు దాటించింది. పడమటి నుంచి తూర్పుకు హోరున వీచే జెట్ స్ట్రీమ్ ఇప్పటికీ టైంటేబుళ్లను శాసిస్తూనే ఉంది.

కాంకర్డ్‌కు ఆ గాలుల బెడద తక్కువ. అది ఎగిరేది 50 వేల నుంచి 60 వేల అడుగుల ఎత్తున, జెట్ స్ట్రీమ్‌కు చాలా పైన. అందుకే మిగతా విమానాల సముద్రమార్గాలు గాలిని బట్టి రోజూ మారుతున్నా, దానికి మాత్రం స్థిరమైన దారులు ఉండేవి. వేగం ధ్వనికి రెండింతలు. ముందున్న గాలి నలిగి వేడెక్కి, ముక్కు దగ్గర 120 డిగ్రీలు దాటేది. ఆ వేడికి విమానమే జానెడు దాకా సాగేది! కాక్‌పిట్‌లో ఇంజనీరు ప్యానెల్‌కూ గోడకూ మధ్య సందు తెరుచుకుని, నేల చేరేలోగా మూసుకుపోయేది. ఆఖరి ప్రయాణాల్లో కొందరు ఇంజనీర్లు సరదాగా తమ టోపీలు అందులో దోపారు. అవి అక్కడే ఇరుక్కుపోయాయి.

1996 ఫిబ్రవరి 7న ఒక కాంకర్డ్ న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో చేరింది. ప్రయాణికుల విమానాల్లో ఆ రికార్డును ఇంకేదీ చెరపలేదు.

అంత వేగం ఉన్నా దానికి నేల మీదుగా దారులు దొరకలేదు. ధ్వనివేగం దాటితే నేల మీద పిడుగుపాటు లాంటి చప్పుడు. 1973లో అమెరికా తన నేల మీదుగా పౌర విమానాలు ఆ వేగంతో పోకూడదని నిషేధించింది. రెండు కాంకర్డ్‌ల మీద ఆసక్తి చూపిన ఎయిర్ ఇండియా కూడా చివరికి కొనలేదు. వందమందిని మోయడానికి గంటకు సుమారు 20 టన్నుల ఇంధనం తాగే యంత్రాన్ని ఎవరు మాత్రం పోషిస్తారు? మొత్తం తయారైనవి 20. ప్రయాణికుల సర్వీసుల్లో తిరిగినవి 14. 2000 జులైలో పారిస్ దగ్గర ఒకటి కూలి 113 మంది చనిపోయారు. 2003 అక్టోబరు 24తో సర్వీసులు ముగిశాయి.

2020 ఫిబ్రవరిలో సియారా తుపాను గాలి తోడై, ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి 4 గంటల 56 నిమిషాల్లో లండన్ చేరింది. నేల మీది లెక్కలో అది గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది కానీ, చుట్టూ గాలి కూడా దాంతోపాటే కదులుతోంది కాబట్టి ధ్వనివేగాన్ని దాటినట్టు కాదు. అమెరికాలో బూమ్ అనే కంపెనీ తయారుచేసిన ఎక్స్‌బీ-1 విమానం 2025 జనవరి 28న దాన్ని నిజంగానే దాటింది. కాకపోతే అందులో పైలట్‌కు తప్ప ఇంకెవరికీ సీటు లేదు.