ఒంగోలు ఎంత దూరం?

గిద్దలూరు నుండి ఒంగోలుకు ఆకాశమార్గాన సుమారు 120 కిలోమీటర్లు, రోడ్డున 140 పైమాటే. కంభం, మార్కాపురం, పొదిలి, చీమకుర్తిలలో ఆగుతూ బస్సు చేరేసరికి ఒక పూట గడిచిపోతుంది. రైలు దొనకొండ మీదుగా గుంటూరుకు పోతుంది గాని ఒంగోలును తాకదు. దొనకొండలో బ్రిటిషువారి నాటి విమానాల మైదానమున్నది. ఎక్కడానికి విమానమే లేదు! 1970లో కర్నూలు జిల్లా నుండి విడదీసి ఒంగోలుకు కలిపింది మొదలు మనవారు కచేరీకైనా, పెద్దాసుపత్రికైనా ఈ దారినే పోయారు. నొప్పులు పడుతున్న కోడలిని బండి ఎక్కించాక కిలోమీటరు రాళ్లు ఎవరు లెక్కిస్తారు? అందుకే మేము కోరేది, నెలలు నిండకముందే ఆమెను ఆసుపత్రి ఉన్న ఊరిలో బంధువుల ఇంట ఉంచండి. 108 నంబరు గోడమీద వ్రాసిపెట్టండి. గిద్దలూరువారికి ఘాటు దాటితే నంద్యాల 60 కిలోమీటర్లే. రాత్రివేళ ఎటు పోవాలో పగలే అడిగి తెలుసుకోండి.