సరకుపై ముద్ర – కొనువాని వివేకము

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల రాయిని ఎఱుగని తెలుగువారు అరుదు. సీమలోని యిండ్లకే గాక దూరప్రాంతముల భవనములకును ఈ పలకలు పోవుచున్నవి. కొనువాడు నునుపును, రంగును, దళసరిని, ధరను చూచును. కాని ఆ పలకను కోసి మెఱుగుపెట్టుటకు ఎంత నీరు పట్టినది, ఆ నీరు మరల వాడబడినదా, కోతలో వచ్చిన రాతిపిండి యెచ్చటికి పోయినది – ఈ సంగతులు పలకను ఎంత పరిశీలించినను కంటికి కానరావు.

వస్తువు గుణములలో కొన్ని కంటికి తెలియును. కొన్ని వాడుకలో తెలియును. మరికొన్ని ఎన్నేండ్లు వాడినను తెలియవు. నేతిలోని కల్తీని నాలుక పట్టవచ్చును గాని, సబ్బు తయారైన చోట వాగు పాడైనదో లేదో ఏ నాలుక చెప్పగలదు? అట్టి వానికి సాక్షి కావలెను. ఆ సాక్ష్యమే ముద్ర. 1937 నాటి చట్టముతో వచ్చిన ఆగ్మార్కు నేతికిని, తేనెకును సాక్షియైనట్లు, పర్యావరణ ముద్ర వస్తువు పుట్టుకకును, వాడుకకును, తుదకు పాఱవేయుటకును సాక్షి కావలెను.

పశ్చిమ జర్మనీ 1978లో 'బ్లూ ఏంజెల్' ముద్రను నెలకొల్పి ఈ మార్గమును చూపినది. మన కేంద్ర ప్రభుత్వము 1991లో 'ఎకోమార్కు'ను ప్రవేశపెట్టి, మట్టికుండను గుర్తుగా ఎన్నుకొనినది. ఇంతకంటె తగిన గుర్తు దొరకదు. కాని గుర్తు మంచిదైనంత మాత్రమున పని నెరవేరలేదు. ముద్రను గైకొనుట తయారీదారుల యిష్టమునకు విడువబడుటచే, గైకొనినవారు మిక్కిలి తక్కువ. అంగడిలో కనబడనందున అడుగువారును లేకపోయిరి. 2024లో కేంద్రము పాత పథకము స్థానమున క్రొత్త నియమములను ప్రకటించినది. అవియు ఐచ్ఛికములే.

విద్యుత్ పరికరములపై నక్షత్రముల చీటి కథ వేఱు. 2006లో ఆరంభమైన యీ పద్ధతి 2010 నుండి మంచు పేరుకొనని రిఫ్రిజిరేటర్లు, ఏసీ యంత్రములు మొదలగు కొన్నింటికి నిర్బంధమైనది. దానిచే ఒక పరికరమును ప్రక్కదానితో పోల్చుటకు వీలు కలిగినది. ఏడాదికి ఎన్ని యూనిట్లు పట్టునో చీటిపై అంకెలలో నుండును. రెండింటి నడుమ ఏటికి 100 యూనిట్ల భేదమున్నచో పదియేండ్లకు 1000 యూనిట్లు. దానిని కరెంటు ధరతో గుణించినచో ఏది నిజముగా చౌకయో తేలును. ప్రమాణములు కాలక్రమమున కఠినమగుచుండును గనుక చీటిపై నున్న కాలావధిని గూడ చూడవలెను. నాటి అయిదు నక్షత్రములు నేటి లెక్కలో తక్కువ కావచ్చును.

ఈ రెండు చరిత్రలు బోధించునది యొక్కటే: ముద్ర అందఱికిని వర్తించి, అంకెలలో నుండి, పోల్చుటకు అనువైనపుడే కొనువానికి ఉపకరించును. పచ్చని ఆకు బొమ్మయు, 'ప్రకృతి హితము' అను మాటయు ముద్రలు కావు. అట్టి నిరాధార ప్రకటనలను అరికట్టుటకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శక సూత్రములను వెలువరించినది. చీటిని చూచినపుడు అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఇచ్చినవారెవరు? దేనిని పరీక్షించి యిచ్చిరి? ఎప్పటివఱకు చెల్లును?

ఇక బేతంచెర్ల మాట. గృహనిర్మాణ సామగ్రికి హైదరాబాదులోని సీఐఐ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రము 'గ్రీన్‌ప్రో' ముద్ర నిచ్చుచున్నది. కావున మార్గము లేకపోలేదు. కోత రంపముపై పోయు నీటిని తొట్లలో నిలిపి, తేర్చి, మరల వాడవచ్చును. సున్నపురాతి పిండిని ఇటుకలకును, సిమెంటుకును వినియోగింపవచ్చును. అట్లు చేయు యజమానికి ఖర్చగును. పిండిని బయలున పోయువానికి కాదు. ముద్ర లేని అంగడిలో ఇరువురి పలకయు ఒక్కటే. చౌకగా అమ్మువాడే గెలుచును. మంచిపని చేసినవాడు నష్టపోవు నీ యన్యాయమును తొలగించుటయే ముద్రయొక్క ముఖ్య ప్రయోజనము.

రాతి కర్మాగారముల యజమానులు ఏకమై ఒక సామాన్య ప్రమాణమును ఏర్పఱచుకొని, స్వతంత్ర పరీక్షకు సమ్మతించి, పలకతో పాటు తెలుగు చీటిని పంపవలెనని మేము కోరుచున్నాము. చిన్న కర్మాగారములకు పరీక్షల వ్యయము భారము గనుక ప్రభుత్వము అందులో పాలుపంచుకొనవలెను. ఇల్లు కట్టుకొను పాఠక మహాశయులు చీటి వచ్చువఱకు వేచియుండ నక్కఱలేదు. పలక ధర నడుగునపుడే, కోతకు వాడిన నీరెటు పోయినదని గూడ అడుగుడు. వానలు చాలని సీమలో అది ధరకంటె చిన్న ప్రశ్న కాదు.