ఫ్యాక్టరీ గోడకి ఇవతల ఉన్నవాళ్ళ లెక్క

మన ఆనేకల్ తాలూకాలోనే జిగణి, బొమ్మసంద్ర, అత్తిబెలె పారిశ్రామిక వాడలున్నాయి. మనలో చాలామంది రోజూ వాటి పక్కనుంచే కాలేజీకి వస్తాం. అందుకే ఈ విషయం మనకీ తెలియాలి.

రసాయనాల ఫ్యాక్టరీ పెట్టేముందు రెండు లెక్కలు వేస్తారు. మొదటిది పర్యావరణ ప్రభావ అంచనా. అంతా సవ్యంగా నడిచే రోజున కూడా ఫ్యాక్టరీ ఎన్ని నీళ్ళు తోడుతుంది, గాలిలోకి ఏం వదులుతుంది, మురుగునీరు ఎటు పోతుంది అని చూస్తుంది. రెండోది ప్రమాద అంచనా. ఏది చెడిపోవచ్చు, విషవాయువు ఎంత దూరం పోవచ్చు, అక్కడ ఎవరుంటారు అని అడుగుతుంది.

ఈ రెండో లెక్క ఎంత ముఖ్యమో విశాఖపట్నంలో చూశాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి. వేడెక్కితే దాని అణువులు వాటంతటవే కలుస్తూ ఇంకా వేడి పుట్టిస్తాయి. దాన్ని ఆపడానికి వేరే రసాయనం కలుపుతారు. లాక్‌డౌన్ వల్ల ఫ్యాక్టరీ 40 రోజులకు పైగా ఆగి ఉంది, ట్యాంకు మాత్రం నిండుగానే ఉంది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉండటంతో, పైభాగం వేడెక్కిన సంగతి తెలియలేదు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి నేలని అంటుకుని ఊళ్ళోకి పాకింది. సైరన్ మోగలేదు. తమ ఉత్పత్తికి చెల్లే పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే 2019లో అఫిడవిట్‌లో రాసిచ్చింది. అంటే "ఫ్యాక్టరీ ఆగి ఉంటే ఏంటి పరిస్థితి?" అన్న ప్రశ్న కూడా ప్రమాద అంచనాలో ఉండాల్సిందే.

మరి ఈ ప్రశ్నలు మనం అడగొచ్చా? అడగొచ్చు. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. పారిశ్రామిక వాడల్లోని కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది. సభకి కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. సభకి వచ్చిన ప్రతివాళ్ళకీ అడిగే అవకాశం ఇవ్వాలి. ఇంకో సంగతి: సభ మొదలవ్వడానికి ఇంతమంది ఉండాలన్న నియమం లేదు. ఎవరూ రాకపోయినా సభ జరిగినట్టే!

ఇక్కడ స్థానిక భాష అంటే కన్నడం. మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి. మా అమ్మమ్మ కన్నడం గడగడా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. ఇలాంటి పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉన్నారు. ట్యాంకులో ఏముంది, అది లీకైతే గాలి ఎటు వీస్తుంది, సైరన్ వినిపిస్తే ఎటు పరుగెత్తాలి — ఈ మూడూ వాళ్ళకి తెలుగులో చెప్పగలిగేది మనమే. ఈసారి పేపర్లో అలాంటి ప్రకటన కనిపిస్తే, కత్తిరించి ఈ గోడ మీదే అంటిద్దాం.