చిత్ర సంతలో 6,500 రూపాయల బొమ్మ: ఆ ధర ఎక్కడెక్కడికి పోతుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్లకూ విజయవాడ కన్నా, హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర. ఏ ఊరి నుంచి బయల్దేరినా దూరం సుమారు 100 నుంచి 130 కిలోమీటర్లు. మన టమోటా పోయేది ఆ దారినే, నీరుగట్టువారిపల్లె పట్టుచీర పోయేదీ ఆ దారినే. ఆ దారి చివర ఏటా, సాధారణంగా జనవరిలో ఒక ఆదివారం నాడు, కుమారకృపా రోడ్డులో వాహనాలు ఆపేసి రోడ్డు పొడవునా బొమ్మల సంత పెడతారు. దాని పేరు చిత్ర సంత. కర్ణాటక చిత్రకళా పరిషత్తు 2003లో మొదలుపెట్టింది. కరోనా వల్ల 2021లో ఆన్‌లైన్‌లో జరిపారు, అయినా ఆపలేదు. ఇటీవలి ఏళ్లలో దేశం నలుమూలల నుంచి దాదాపు 1,500 మంది కళాకారులు వస్తున్నారు. వంద రూపాయల కార్డు నుంచి లక్షల రూపాయల చిత్రం దాకా అన్నీ ఆ రోడ్డు పక్కనే దొరుకుతాయి.

మన ప్రాంతంలో బొమ్మలు గీసేవాళ్లకు, మట్టిపని చేసేవాళ్లకు, అద్దకం పనివాళ్లకు అందుబాటులో ఉన్న పెద్ద సంత ఇదే. కొనడానికి పోయేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే అనుమానం: ఆ ధరలు న్యాయమైనవేనా? ఒక బొమ్మను తీసుకుని లెక్క వేద్దాం. కింద వచ్చే ధరలు, ఖర్చులు ఉదాహరణకు అనుకున్నవి. మీ అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోవచ్చు, లెక్క వేసే తీరు మాత్రం మారదు.

బొమ్మ శ్రీకాళహస్తి పద్ధతి కలంకారీ అనుకుందాం. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, ధర 6,500 రూపాయలు. అచ్చుదిమ్మెలు లేకుండా కలంతో చేత్తో గీసే పద్ధతి ఇది. ముందు గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పారకుండా గీసినచోటే నిలుస్తుంది. నల్లరంగు కోసం ఇనుప ముక్కలను, బెల్లాన్ని నీళ్లలో రెండు మూడు వారాలు ఊరవేస్తారు. ఎరుపు పట్టాలంటే పటిక పూయాలి. ఒక్కో రంగు తరువాత ఉతకాలి, ఆరబెట్టాలి. ఈ పనిలో మనిషి చేయి పడే సమయమంతా కూడితే ఎనిమిది రోజులు అనుకుందాం. గుడ్డకు, రంగులకు 600 రూపాయలు. రోజు కూలి 400 చొప్పున ఎనిమిది రోజులకు 3,200. రెండూ కలిపి 3,800. మిగిలిన 2,700 రూపాయలు సంతకు వచ్చిపోయే ఖర్చులకు, అమ్ముడుపోని బొమ్మల భారానికి, ఆ పైన ఏమైనా ఉంటే లాభానికి.

రోజుకు 400 ఎక్కువా? మన రాష్ట్రంలో 2025–26కి ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఏళ్ల తరబడి చేయి తిప్పి నేర్చుకున్న పనికి, మట్టి తవ్వే పని కన్నా 93 రూపాయలు మాత్రమే ఎక్కువ వేశాం. మన ఊళ్లో తాపీమేస్త్రీ రోజుకు ఎంత తీసుకుంటున్నాడో మీకు తెలుసు. ఆ అంకె వేస్తే ఈ బొమ్మ ధర ఇంకా పెరగాలి. నా ఉద్దేశంలో ఇలాంటి సంతల్లో ధరలు ఎక్కువ ఉండటం కన్నా, తమ రోజులకు వెల కట్టుకోవడం తెలియక తక్కువ చెప్పడమే ఎక్కువ.

మరి బేరం ఆడకూడదా? ఆడవచ్చు, కానీ ఎక్కడ ఆగాలో తెలిసి ఆడాలి. 6,500 చెప్పిన బొమ్మను 4,000కి అడిగారనుకోండి. ముడిసరుకు, కూలి పోను ప్రయాణానికి మిగిలేది 200. అదే 3,500కి తెగితే, 600 తీసేయగా 2,900 మిగులుతుంది. దాన్ని ఎనిమిది రోజులకు పంచితే రోజుకు 362. దారిఖర్చు అతని చేతి నుంచే పడుతుంది. సాయంత్రం చీకటిపడే వేళ మిగిలిన సరుకు మోసుకుపోలేక ఆ ధరకూ ఇచ్చేస్తారు. ఒకటికి రెండు బొమ్మలు తీసుకుంటూ కాస్త తగ్గించమనడం వేరు. అలా చేస్తే దారిఖర్చు రెండింటి మీద పడి, తగ్గించడానికి అతనికి నిజంగానే వీలు చిక్కుతుంది.

ఇంత తిరుగుడు ఎందుకు, గ్యాలరీకో పెద్ద దుకాణానికో ఇస్తే పోదా అని ఇంకో ప్రశ్న. గ్యాలరీలు సాధారణంగా అమ్మిన ధరలో 30 నుంచి 50 శాతం దాకా తీసుకుంటాయి. 40 శాతం అనుకుంటే 6,500లో 2,600 అక్కడే పోతుంది. సంతలో ఆ బొమ్మ మీద మనకు మిగిలినది 2,700. అంటే దళారీ వాటా మిగిలిందని సంబరపడేలోపే దారిఖర్చు దాన్ని తినేస్తుంది. సంత లాభసాటి అయ్యేది ఒక బొమ్మతో కాదు. దారిఖర్చు పూర్తిగా తీరాక అమ్ముడయ్యే బొమ్మతో.

ఆ దారిఖర్చు ఎంతో చూద్దాం. మదనపల్లె నుంచి ఇద్దరు పోయి రావాలి. స్టాలు రుసుము, సరుకు తీసుకుపోయే బండిలో వాటా, రెండు పూటల తిండి, ప్యాకింగు అన్నీ కలిపి 6,000 రూపాయలు అనుకుందాం. కుప్పం వాళ్లకు బెంగళూరు రైలు మార్గం ఉంది గనుక చుట్టచుట్టి తీసుకుపోయే గుడ్డ బొమ్మలకైతే ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు ఒకరు 500 రూపాయల చిన్న వస్తువులు మాత్రమే పట్టుకుపోయారు. ఒక్కోదానికి ముడిసరుకు 150, అరరోజు కూలి 200, మిగిలేది 150. ఆరు వేలు రావాలంటే 40 అమ్మాలి. పది గంటల సంతలో పావుగంటకు ఒకటి. ఇంకొకరు ఇవే చిన్నవాటితో పాటు కలంకారీలు కూడా తెచ్చారు. పెద్దవి రెండు అమ్మితే 5,400, చిన్నవి నాలుగు అమ్మితే 600. మొత్తం ఆరు అమ్మకాలతో దారిఖర్చు తీరింది.

నలభై అమ్మడం ఎంత కష్టమో జనం లెక్కలో తెలుస్తుంది. చిత్ర సంతకు జనం లక్షల్లో వస్తారు. మూడు లక్షల మంది అనుకుని 1,500 మంది కళాకారులకు పంచితే ఒక్కొక్కరి వాటాకు 200 మంది. అందులో ఆరుగురు కొనడమంటే నూటికి ముగ్గురు, అది జరిగే పనే. నలభై మంది కొనడమంటే ఐదుగురిలో ఒకరు. చూడ్డానికి వచ్చిన జనంలో అంతమంది సంచిలో చేయి పెట్టరు.

అలాగని చిన్న వస్తువులు దండగ అనుకోవద్దు. 1966లో కె.సి.ఎస్. పణికర్ చొరవతో మద్రాసు దగ్గర చోళమండల్ కళాకారుల గ్రామం ఏర్పడింది. చిత్రాలు అంతగా అమ్ముడుపోని ఆ రోజుల్లో అక్కడి చిత్రకారులు బాతిక్ గుడ్డలు, చేతిపనులు చేసి అమ్మి నిలబడ్డారు. బాతిక్ అంటే మైనం పూసి రంగులో ముంచే అద్దకం. ఏడాది పొడవునా అమ్ముకునే చోట చిన్న వస్తువు పెద్ద చిత్రాన్ని పోషిస్తుంది. వంద కిలోమీటర్లు పోయి ఒక్కరోజులో తిరిగి రావాల్సిన చోట పెద్దది చిన్నదాన్ని మోయాలి. ఇంతకుమించి, సంతలో చేతికొచ్చే డబ్బు కన్నా అక్కడ పరిచయమైన మనిషి రెండు నెలల తరువాత ఫోన్ చేసి ఇచ్చే ఆర్డరు విలువైనది. దానికి దారిఖర్చు ఉండదు.

పుంగనూరు, కుప్పాల నడుమ పలమనేరు ప్రాంతంలో మట్టి బొమ్మలు చేసేవాళ్లది వేరే బాధ. మట్టి ఆరుతూ, కాలుతూ కుంచించుకుపోతుంది. పది అంగుళాల బొమ్మ కావాలంటే పచ్చిమట్టితో సుమారు పదకొండు అంగుళాలది చేయాలి. ఆవంలో పెట్టినవన్నీ బయటికి రావు. నూరు పెడితే పది పగిలాయనుకుందాం. ఒక్కోదానికి 180 ఖర్చయితే నూటికి 18,000. మిగిలిన తొంభైకి పంచితే ఒక్కోటి 200. కొనేవాళ్లకు కనబడని ఆ 20 రూపాయలు పగిలిన పది బొమ్మలవి. ఆపైన బరువు, దారిలో విరగడం. మట్టిపని వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి బండి మాట్లాడుకోకపోతే ఈ లెక్క నిలవదు.

జీఎస్టీ మాటేమిటని చాలామంది వెనకాడతారు. చేతితో వేసిన చిత్రాలకు, శిల్పాలకు, చాలా హస్తకళా వస్తువులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మన 6,500 బొమ్మ మీద 780 ఉండాల్సింది 325 అయింది. అదీ రిజిస్టరైన అమ్మకందారు కొట్లో కొంటేనే. రాష్ట్రం దాటి అమ్మితే మామూలుగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అయితే ప్రభుత్వ జాబితాలో ఉన్న చేతిపనులకు ఏడాది అమ్మకాలు 20 లక్షల రూపాయల దాకా మినహాయింపు ఉంది. పాన్ కార్డు ఉండాలి, సరుకు వెంట ఈ-వే బిల్లు, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా చీటీ ఉండాలి. ఇరవై లక్షలంటే నెలకు లక్షా అరవై వేలకు పైన. ఆ గీత దాటేవాళ్లు మన వైపు చాలా తక్కువ. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పన్ను పేరుతో విడిగా డబ్బు అడగకూడదని కొనేవాళ్లూ తెలుసుకోవాలి.

పెట్టుబడి దగ్గరికి వస్తే, 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కుమ్మరి పని, శిల్పం, బుట్టలల్లిక, బొమ్మల తయారీ అందులో ఉన్నాయి. చిత్రకారులకు మాత్రం విడిగా చోటు లేదు, ఉండాల్సింది. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500, మొదటి విడత లక్ష రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. లక్షను 18 నెలల్లో తీరిస్తే నెలకు సుమారు 5,780, మొత్తం వడ్డీ నాలుగు వేల చిల్లర. అదే లక్ష బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, అసలు కదలకుండా ఏడాదిన్నర కడితే వడ్డీయే 36,000 అవుతుంది. అసలు అప్పుడూ అలాగే ఉంటుంది.

ఇంతదూరం పోకుండా మన ఊళ్లోనే పెట్టుకుంటే? నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇక్కడే. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పం తిరుపతి గంగమ్మ జాతర నడిపే ఊళ్లకు జనాన్ని సర్దడం, వీధిలో అంగళ్లు పెట్టించడం కొత్త కాదు. మదనపల్లెకు రిషీవ్యాలీ స్కూలు, హార్స్‌లీ హిల్స్‌కు వచ్చిపోయేవాళ్లు దగ్గర. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఇరవై మంది కళాకారులు, ఒక్కొక్కరికి పదడుగుల జాగా అంటే 200 అడుగుల వీధి చాలు. మనిషికి 200 మంది చొప్పున రావాల్సింది 4,000 మంది. మదనపల్లె జనాభా లక్ష దాటి చాలా కాలమైంది, అందులో నూటికి నలుగురు కూడా అక్కర్లేదు. దారిఖర్చు లేదు గనుక ఒక్కొక్కరి ఖర్చు 1,500కు దిగిందనుకుంటే, 500 రూపాయల చిన్న వస్తువులు పది అమ్మితే అది తీరిపోతుంది. ఇరవై మందికి కలిపి 200 వస్తువులు, లక్ష రూపాయలు. నాలుగు వేల మందికి పంచితే సగటున తలకు 25 రూపాయలు, టీ, బజ్జీల ఖర్చు. శ్రీకాళహస్తి కలంకారీ, నిమ్మలకుంట తోలుబొమ్మ, మాధవమాల కొయ్యబొమ్మ, పలమనేరు మట్టిపని అన్నీ ఒక వీధిలోకి రావడానికి మన వైపు కావాల్సిన డబ్బు ఇంతే.

బెంగళూరుకే పోదలిస్తే కాలం లెక్క కూడా చూసుకోండి. సంత జనవరిలో, కళాకారుల నుంచి దరఖాస్తులు కొన్ని నెలల ముందే తీసుకుంటారు. మన వైపు అక్టోబర్, నవంబర్లలో ఈశాన్య రుతుపవనాల ముసురు పడితే మట్టి ఆరదు, రంగు వేసిన గుడ్డా ఆరదు. కలంకారీ నలుపు ఊరడానికే రెండు మూడు వారాలు కావాలి. కాబట్టి మట్టిపని సెప్టెంబర్‌లోపు ఆవం దాకా రావాలి, నలుపు కుండ వినాయక చవితి నాటికి మూతపెట్టి ఉండాలి.