కారం మర పెట్టాలనుకుంటున్నారా? మిషను కొనకముందే ఈ కాగితాలు చూసుకోండి

పాములపాడు మండలంలో పిండి మర, కారం మర, పచ్చళ్ల తయారీ లాంటివి పెట్టుకోవాలనుకునే పొదుపు సంఘాల మహిళలకు, యువతకు ఈ వివరాలు. లైసెన్సుల పేరు వింటేనే చాలామంది వెనక్కి తగ్గుతారు. నిజానికి చిన్న యూనిట్‌కు కావాల్సినవి కొన్నే. వాటిలో కొన్నిటికి పైసా ఖర్చు కూడా లేదు.

సబ్సిడీకి, కాగితాలకు సంబంధం ఏమిటి?

ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం 2020లో మొదలైంది. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు సబ్సిడీ వస్తుంది. మీ వాటా కనీసం 10 శాతం ఉండాలి, మిగతాది బ్యాంకు రుణం. ఉదాహరణకు రూ.6 లక్షల యూనిట్‌కు మీ వాటా రూ.60 వేలు, సబ్సిడీ రూ.2.10 లక్షలు.

అయితే ఈ సబ్సిడీ మీ చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉంచుతారు. రుణం చివరి విడత అందాక మూడేళ్లు గడిచి, కంతులు సక్రమంగా కడుతూ, యూనిట్ నడుస్తూ ఉంటేనే అప్పులో జమ చేస్తారు. అనుమతి లేదని మధ్యలో మర ఆగిపోతే నష్టం మీకే. అందుకే ముందే చూసుకోవాలి.

ఏవి కావాలి?

1. ఉద్యమ్ రిజిస్ట్రేషన్: ఆధార్ కావాలి, ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. ప్రభుత్వ సైటు పేరు చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. డబ్బులు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

2. పంచాయతీ అనుమతి: కరెంటుతో నడిచే మిషను బిగించాలంటే 1994 పంచాయతీరాజ్ చట్టం కింద అనుమతి కావాలి. మర చప్పుడు, కారం ఘాటు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకుండా చోటు చూసుకుని, సచివాలయంలో పంచాయతీ కార్యదర్శిని కలవండి.

3. కరెంటు: ఇంటి మీటరు మీద మర నడపకండి. పట్టుబడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. ఎంత లోడు కావాలో మిషను అమ్మేవారిని అడిగి, ఎస్‌పీడీసీఎల్‌కు వేరే కనెక్షన్ కోసం దరఖాస్తు చేయండి.

4. ఆహార భద్రత రిజిస్ట్రేషన్: 2011 నిబంధనల్లో, ఏడాదికి రూ.12 లక్షల లోపు అమ్మకాలుంటే లైసెన్సు అవసరం లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫీజు ఏడాదికి రూ.100గా పెట్టారు. దరఖాస్తు చేసిన 7 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి రావాలి. తనిఖీ పెడితే 30 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ ఏమీ చెప్పకపోతే మీరు పని మొదలుపెట్టుకోవచ్చు. వచ్చే 14 అంకెల నంబరును ప్యాకెట్ మీద వేయాలి.

5. కాటా ముద్ర: ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు, కొలతల శాఖ ముద్ర వేయించాలి.

చాలామందికి తెలియని సంగతి

ఊళ్లోవాళ్లు తెచ్చిన మిరపకాయలు ఆడించి కూలి తీసుకోవడం వేరు, కారం అమ్మడం వేరు. కారం, పసుపు లాంటి పొడులను విడిగా తూచి అమ్మకూడదు, ప్యాకెట్‌లోనే అమ్మాలి. దాని మీద తయారీదారు పేరు, చిరునామా, బరువు, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలి.

ఏది అక్కర్లేదు?

మన రాష్ట్రంలో సరుకు అమ్మకాలు ఏడాదికి రూ.40 లక్షలు దాటనంతవరకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. పక్క రాష్ట్రానికి సరుకు పంపితే మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. తెలంగాణకు కారం పంపే ఆలోచన ఉంటే ముందే అడిగి తెలుసుకోండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఈ పథకంలో జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు. ప్రాజెక్టు నివేదిక రాయడం, బ్యాంకుతో మాట్లాడడం, ఆహార భద్రత, ఉద్యమ్ నంబర్లు ఇప్పించడం వాళ్ల పనే. వాళ్లకు డబ్బు పథకం నుంచే వస్తుంది, మీరు ఇవ్వక్కర్లేదు. "ఫైలు నేను కదిలిస్తా, ఇంత ఇవ్వండి" అనేవారికి మీ ఆధార్, ఓటీపీ ఇవ్వకండి. ఏ ఫీజు కట్టినా మీ పేరు మీద రసీదు తీసుకుని, ఫైల్లో దాచుకోండి.